మంచం పక్కన ఛార్జింగ్ వద్దు

అమ్మాయీ,

వృద్ధాశ్రమం బాధ్యత తీసుకున్నావని, అక్కడ తొమ్మిది ఎలక్ట్రిక్ వీల్‌చైర్లు ఉన్నాయని రాశావు. రాత్రిళ్లు వాటిని ఎక్కడ ఛార్జింగ్ పెడుతున్నారో రాయలేదు. మంచం పక్కనే అయ్యుంటుంది. నేను చూసిన చోట్లన్నీ అంతే.

బ్యాటరీ అంటే బాంబేనని హడలగొట్టే వాళ్లుంటారు, పట్టించుకోకు. ఇన్నేళ్లు కరెంటు పని చేశాను, నా కళ్లముందు అంటుకోబోయింది బ్యాటరీ కాదు, ప్లగ్గు. ఒక రాత్రి వరండా అంతా చేపల కంపు. వంటగది వైపు నుంచి అనుకున్నాం. వెతగ్గా వెతగ్గా ఒక పెద్దాయన మంచం వెనక, కర్టెన్ చాటున ఎక్స్‌టెన్షన్ బోర్డు కనిపించింది. దానికి ఛార్జరు, గాలిపరుపు పంపు, పైగా ఇంకో బోర్డు. స్విచ్చి ఆపి ప్లగ్గు లాగితే పిన్ను నల్లబడి ఉంది, రంధ్రం చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి ఉబ్బింది. సాకెట్ వదులైతే వేడి అక్కడే పుడుతుంది. కొన్నిరకాల ప్లాస్టిక్ కాలేముందు అలా చేప వాసనే వేస్తుంది.

అందుకని ఛార్జరు ఎప్పుడూ నేరుగా గోడ సాకెట్‌కే. పెట్టిన అరగంటకు ప్లగ్గును వేళ్ల వెనక వైపుతో తాకి చూడమను. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చురుక్కుమంటే ఆపేసి సాకెట్ మార్పించాల్సిందే. ఛార్జరు ఎలాగూ కాస్త వేడెక్కుతుంది. దాన్ని పరుపు మీదో కుర్చీ సీటులోనో పెట్టడం, మీద దుప్పటి పడేయడం, అదీ తప్పు.

వరండాలో, మెట్ల దగ్గర, తలుపుకు అడ్డంగా అసలే వద్దు. సీటులోని ఫోమ్ అంటుకుంటే నిమిషాల్లో విషపు పొగ కమ్ముతుంది, నడవలేనివాళ్లను బయటికి తేవాల్సిన దారి అదే కదా. గట్టిగా మూసుకునే తలుపు, గాలి ఆడే కిటికీ, పొగ పసిగట్టే అలారం ఉన్న గది ఒకటి దీనికి కేటాయించు. అందులో దుప్పట్ల బీరువా ఉండకూడదు. ఆక్సిజన్ పెట్టుకున్నవాళ్ల గదిలో మాత్రం ఛార్జింగ్ మాటే ఎత్తనివ్వకు. ఆక్సిజన్ బట్టలకూ పరుపుకూ పట్టి ఉంటుంది, చిన్న నిప్పురవ్వ చాలు.

ఇక్కడే అసలు చిక్కు. "నా కాళ్లు పట్టుకెళ్లి గదిలో పెడతారా?" అని ఒకావిడ నన్ను నిలదీసింది. ఆమె మాట న్యాయమే. కాబట్టి కుర్చీ తీసుకెళ్లేముందు మామూలు చక్రాల కుర్చీ మంచం పక్కన పెట్టాలి, బెల్లు చేతికి అందాలి. రాత్రి భోజనాలయ్యాక వాళ్లు పక్కెక్కగానే ఛార్జింగ్ మొదలుపెట్టించు. బాగా దిగిన లెడ్ (సీసం) బ్యాటరీకి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది గనక నైట్ డ్యూటీవాళ్లు ఆ గదికీ ఒక రౌండు వెయ్యాలి. పూర్తిగా దిగేదాకా ఆగి పెట్టాలనేది వట్టి అపోహ. లెడ్ బ్యాటరీకి అది చేటే. పగలు కుర్చీ ఖాళీగా ఉన్నప్పుడు మనుషుల కళ్లముందు కొంత ఎక్కించుకోవచ్చు.

ఏ కుర్చీలో ఏ బ్యాటరీ ఉందో చూసి, దాని ఛార్జరు మీద ఆ కుర్చీ నంబరు రాయించు. పిన్ను పట్టినంత మాత్రాన ఒకదాని ఛార్జరు ఇంకోదానికి పనికిరాదు, లిథియం రకం బ్యాటరీకైతే మరీ ప్రమాదం. లెడ్ బ్యాటరీ కుళ్లిన గుడ్డు కంపు కొట్టినా, ఏ బ్యాటరీ అయినా ఉబ్బినా, తడిసినా, గట్టి దెబ్బ తిన్నా ఇక దాన్ని ఛార్జింగ్ పెట్టనివ్వకు, మెకానిక్ చూడాల్సిందే. లిథియం బ్యాటరీ బుసకొడుతూ పొగ కక్కిందా, ఆర్పే సాహసం ఎవరూ చెయ్యొద్దు. మనుషుల్ని బయటికి తెచ్చి, తలుపు మూసి, ఫైర్‌వాళ్లను పిలవండి. ఆరిందనుకున్నది గంటల తర్వాత కూడా మళ్లీ అంటుకోగలదు.

రేపు రాత్రి ఒక్కసారి గదులన్నీ తిరిగి, ఏ మంచం వెనక ఎన్ని బోర్డులున్నాయో లెక్క రాసి పంపు. కర్టెన్లు పక్కకు లాగి మరీ చూడు.

మీ బాబాయి