పగిలిన బంపర్లు అతికించే పనిలో మా అబ్బాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా అబ్బాయి పదో తరగతి పాసై, విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో చేరాడు. పగిలిన కారు బంపర్లు, బస్సుల ఫైబర్ ప్యానెళ్లు ఎపాక్సీ అనే గట్టి జిగురుతో అతికిస్తాడు. చేయి బాగా తిరిగిందని మేస్త్రి అంటారు. చదువు మానేశాడని నాకు టెన్షన్. మాన్పించమంటారా? – ఒక తండ్రి

జవాబు: పని మాన్పించకండి. అయితే చేయి తిరిగితే చాలనీ అనుకోకండి. ఈ పనిలో విలువంతా ఏ పదార్థానికి ఏ మందు వాడాలో తెలియడంలోనే ఉంది.

ఒక బంపర్‌ని తిరగేసి చూపించి, ఇది దేనితో చేశారని మీ అబ్బాయిని అడగండి. మన కార్ల బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌వి. లోపలివైపు 'పీపీ' అని అచ్చు ఉంటుంది. దానికి మామూలు ఎపాక్సీ సరిగా అంటదు, ప్లాస్టిక్ వెల్డింగ్ చేయాలి. బస్సు ప్యానెల్ గాజు ఫైబర్‌ది, దానికి ఎపాక్సీ గట్టిగా పడుతుంది. అక్కడ కూడా పగులు మీద పుట్టీ రాసేస్తే మళ్లీ విచ్చుకుంటుంది. పగులు పాకకుండా దాని కొసన చిన్న రంధ్రం వేయాలి. అంచుల్ని ఏటవాలుగా గ్రైండ్ చేయాలి. 3 మి.మీ. మందానికి ఒక్కో వైపు సుమారు 36 మి.మీ. వాలు ఉంటే మంచిది. ఆ వాలు మీద గాజు గుడ్డ పొరలు వేయాలి. పాలిస్టర్ రెసిన్ అనే మరో రకం జిగురుతో పనిచేసినవాళ్లు త్వరగా ఆరాలని హార్డెనర్ (జిగురును గట్టిపరిచే ద్రవం) కాస్త ఎక్కువ పోస్తారు. ఎపాక్సీలో అలా చేస్తే త్వరగా ఆరదు సరికదా, మెత్తగా ఉండిపోతుంది. డబ్బా మీద రాసిన పాళ్లు తూచి కలపాల్సిందే. ఎందుకో తెలియాలంటే చదువు కావాలి.

కార్లనే నమ్ముకోవద్దు. మన కార్ల బాడీలు చాలావరకు ఉక్కువే. 1980లలో బెంగళూరు సిపానీ సంస్థ ఫైబర్ బాడీతో డాల్ఫిన్ కారు తెచ్చినా ఆ పద్ధతి ఇక్కడ నిలవలేదు. ఇదే నైపుణ్యం అనంతపురం వైపు గాలిమరల రెక్కలకు, తీరంలో ఫైబర్ పడవలకు, హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో తయారయ్యే విమాన భాగాలకు పనికొస్తుంది. పెద్ద కంపెనీల్లో మాత్రం సర్టిఫికెట్ అడుగుతారు.

పదో తరగతి తర్వాత కేంద్ర ప్రభుత్వ ప్లాస్టిక్స్ శిక్షణ సంస్థ సీపెట్‌లో మూడేళ్ల ప్లాస్టిక్స్ టెక్నాలజీ డిప్లొమా ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. విజయవాడలోనే కేంద్రం ఉంది. నా ఓటు దీనికే. అన్నేళ్లు క్లాసులో కూర్చోలేనంటే ఐటీఐలో ఏడాది 'మెకానిక్ ఆటో బాడీ రిపేర్' ట్రేడ్ చూడండి.

అన్నిటికన్నా నాకు ఎక్కువ బెంగ అతని ఆరోగ్యం గురించి. గ్రైండింగ్‌లో లేచే గాజు ధూళి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఎపాక్సీ పదే పదే చర్మానికి తగిలితే అలర్జీ రావచ్చు. ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం పోదు, కాస్త తగిలినా దద్దుర్లు లేస్తాయి. అలా ఈ పనే వదులుకోవాల్సి వచ్చినవాళ్లున్నారు. ముఖానికి జేబురుమాలు కట్టుకుంటే సరిపోదు, ధూళికి, ఆవిరికి తగిన ఫిల్టర్లున్న మాస్కు కావాలి. చేతులకు నైట్రైల్ (ఒక రకం రబ్బరు) గ్లవ్స్ వేసుకోవాలి. చర్మానికి అంటిన రెసిన్‌ని థిన్నర్‌తో అస్సలు కడగకూడదు.

ఈ వారంలోనే ఒకసారి షెడ్డుకి వెళ్లి చూడండి. మాస్కు, గ్లవ్స్, తూచే కాటా లేకపోతే మేస్త్రితో మాట్లాడండి. ఆయన వినకపోతే సీపెట్ నోటిఫికేషన్ వచ్చేదాకా అబ్బాయిని అవి ఉన్న షెడ్డులో చేర్చండి.