జిఫీ అంటే ఎంతసేపు? ఆఫీసు మెయిల్‌లో రాయొచ్చా?

'ఐ విల్ సెండ్ ఇట్ ఇన్ ఎ జిఫీ' అని మేనేజరుకు రాయొచ్చా అన్నదానికి ముందు జవాబు: వద్దు. అది చనువున్నచోట నోటితో అనే మాట. ఫైలు అడిగిన మనిషికి కావలసింది టైము, కాబట్టి 'బై ఫోర్ పీఎం' అని రాసేయండి. టీమ్ చాట్‌లో తోటివాళ్లకైతే పర్వాలేదు, కాస్త పాతకాలపు వాసన వేస్తుందంతే.

ఇంగ్లిష్‌లో ఈ మాట 1780ల నుంచీ ఉంది. పుట్టుక తెలియదనే నిఘంటువులు రాస్తాయి. మామూలు వాడుకలో దీనికి కొలత లేదు, మన 'చిటికెలో' లాంటిదే.

మనవాళ్లు తడబడేది 'ఎ' దగ్గర. తెలుగులో అలాంటి ముక్క లేదు గనక 'ఇన్ జిఫీ' అనేస్తారు. 'ఇన్ ఎ జిఫీ' అని మొత్తంగా పట్టుకోండి. బ్రిటన్‌లో 'టూ టిక్స్' అంటారు కదా అని 'టూ జిఫీస్' అంటే నప్పదు. ఎవరినైనా ఆగమనడానికి 'జస్ట్ ఎ సెక్' మేలు. అయితే జరిగిపోయిన పనికి జిఫీయే బాగుంటుంది: 'షీ ఫిక్స్‌డ్ ఇట్ ఇన్ ఎ జిఫీ'. ఇక్కడ 'ఇన్ ఎ సెక్' పెడితే ఎబ్బెట్టుగా ఉంటుంది, అది ఎక్కువగా జరగబోయేదానికే. పలికేటప్పుడు 'జిఫ్ఫీ' అని ఒత్తకండి.

కచ్చితమైన కొలత కావాలంటే సాంకేతిక రంగాల్లో దొరుకుతుంది, అదీ చోటుకొకటి. రసాయన శాస్త్రవేత్త గిల్బర్ట్ లూయిస్ లెక్కలో శూన్యంలో కాంతి ఒక సెంటీమీటరు దాటే కాలం, సుమారు 33.4 పికోసెకన్లు (పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు). కమోడోర్ 64 అనే పాతకాలపు ఇంటి కంప్యూటర్‌లో సెకనులో 60వ వంతు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో టైమర్ ఒకసారి కొట్టాక మళ్లీ కొట్టేదాకా పట్టే వ్యవధి: సెకనుకు ఎన్నిసార్లు కొట్టాలో చెప్పే హెచ్‌జెడ్ విలువ 100 అయితే 10 మిల్లీసెకన్లు, 250 అయితే 4, 1000 అయితే 1. అందుకే కోడ్‌లో జిఫీల సంఖ్యను నేరుగా రాసేస్తే ఒక మెషీన్‌లో సరిపోయిన గడువు ఇంకోదాంట్లో పది రెట్లు మారిపోవచ్చు. మిల్లీసెకన్లలో రాసి, వాటిని జిఫీలుగా మార్చే ఫంక్షన్ వాడాలి. గడిచిన జిఫీలను లెక్కపెట్టే 32 బిట్ల అంకె హెచ్‌జెడ్ 1000 దగ్గర 49.7 రోజులకోసారి నిండి మళ్లీ సున్నాకొస్తుంది, కాబట్టి రెండు సమయాలను మామూలు పెద్ద-చిన్న గుర్తులతో పోల్చకూడదు. దానికి కెర్నెల్‌లోనే 'టైమ్ ఆఫ్టర్' అనే మాక్రో, అంటే రెడీమేడ్ కోడ్ ముక్క, ఉంది.

బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు ఒక ముక్క: అక్కడ ఎవరైనా 'జిఫీ బ్యాగ్' తెమ్మంటే తొందరపెడుతున్నారని కాదు, లోపల మెత్త ఉన్న పోస్టు కవరు అడుగుతున్నారు.