కడుపుతో ఉన్నప్పుడు ఆటలమ్మ పోసిన పిల్లాడి పక్కన కూర్చుంటే

"శనివారం ఒక పుట్టినరోజు పార్టీకి వెళ్లాం. వాళ్ల మూడేళ్ల బాబు నా ఒళ్లోనే కూర్చుని కేకు తిన్నాడు. సోమవారం వాళ్లమ్మ ఫోన్ చేసి, బాబుకి ఒంటి నిండా పొక్కులొచ్చాయి, డాక్టరు చికెన్‌పాక్స్ అన్నారు అని చెప్పింది. నాకిప్పుడు పద్నాలుగో వారం. మావారు ఏం కాదులే అంటున్నారు. నాకు నిద్ర పట్టడం లేదు." అమెరికా వచ్చి ఏడాది కూడా కాని ఒక అమ్మాయి ప్రశ్న ఇది. ఇలాంటి సందేహం ఉన్నవాళ్లందరికీ కలిపి జవాబు రాస్తున్నాను.

ఇవాళే మీ గైనకాలజిస్టు ఆఫీసుకి ఫోన్ చెయ్యండమ్మా. పొక్కులు వస్తాయేమో చూద్దాం అని ఆగకండి. పార్టీ రోజున బాబుకి పొక్కులు లేవు కదా అనుకోవడానికి లేదు. పొక్కులు కనబడటానికి ఒకటి రెండు రోజుల ముందు నుంచే ఇది అంటుకుంటుంది.

ఈలోగా ఇండియాలో అమ్మకి ఫోన్ చేసి, చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసిందా అని అడగండి. "ఆఁ, అమ్మవారు పోసింది" అనగానే ఊరుకోవద్దు. మన ఇళ్లల్లో తట్టునీ ఆటలమ్మనీ కలిపి అమ్మవారు అనేస్తారు. కొంచెం గుచ్చి గుచ్చి అడగండి. నీటి పొక్కులా, సన్నటి ఎర్ర దద్దురా? ఒకచోట అప్పుడే లేచిన పొక్కు, పక్కనే నీరు పట్టినది, ఇంకోచోట చెక్కు కట్టినది, ఇలా అన్నీ ఒకేసారి ఉన్నాయా? అలా ఉంటే అది ఆటలమ్మే. ఒకసారి వచ్చినవాళ్లకి మళ్లీ రావడం చాలా అరుదు కాబట్టి సగం టెన్షన్ అక్కడే తగ్గుతుంది.

అమ్మకి గుర్తు లేకపోతే తేలిగ్గా తీసుకోకండి. టీకా రాకముందు చలిదేశాల్లో దాదాపు అందరికీ చిన్నతనంలోనే ఇది వచ్చిపోయేది. మనలాంటి వేడిదేశాల్లో పెద్దయ్యేదాకా రానివాళ్లు ఎక్కువ. అమెరికాలో పిల్లలకి 1995 నుంచి టీకా ఉంది. మన ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో ఇది లేదు. ప్రైవేటుగా వేయించి ఉంటేనే ఉన్నట్టు. అందుకే ఇక్కడి స్నేహితురాలు "నాకేం కాలేదు" అన్న మాట మీకు వర్తించకపోవచ్చు.

ఫోన్‌లో చెప్పాల్సినవి: ఎన్నో వారం, ఏ రోజు ఎంతసేపు ఆ పిల్లాడితో ఉన్నారు, ఆటలమ్మ గానీ టీకా గానీ అయిన గుర్తు ఉందా లేదా. తర్వాత, వరిసెల్లా ఐజీజీ పరీక్ష (ఆటలమ్మ నుంచి కాపాడే యాంటీబాడీలు ఒంట్లో ఉన్నాయా అని చూసే రక్త పరీక్ష) ఫలితం నా ఫైల్లో ఉందా అని మీరే అడగండి. చాలామందికి మొదటి విజిట్‌లో తీసిన రక్తంతోనే అది చేసేసి ఉంటారు. పాజిటివ్ అంటే మీకు రక్షణ ఉన్నట్టే, హాయిగా పడుకోండి. పరీక్ష చేసి ఉండకపోతే త్వరగా చేయించమనండి. అంతేగానీ చెప్పాపెట్టకుండా క్లినిక్‌కి వెళ్లి వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవద్దు. అక్కడున్నవాళ్లూ గర్భిణులే కదా.

రక్షణ లేదని తేలితే అమెరికాలో వారిజిగ్ అనే ఇంజెక్షన్ ఇస్తారు. ఇది టీకా కాదు, ఆటలమ్మతో పోరాడే యాంటీబాడీలను నేరుగా ఒంట్లోకి ఎక్కించేది. కలిసిన రోజు నుంచి పది రోజుల్లోపు, ఎంత ముందైతే అంత మంచిది. ఇవాళే ఫోన్ చెయ్యమని పోరుతున్నది అందుకే. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకి పద్ధతి వేరు. అక్కడ సాధారణంగా కలిసిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా వైరస్‌ని అణిచే ఎసైక్లోవిర్ మాత్రలిస్తారు. మీ మిడ్‌వైఫ్‌కి చెప్పండి.

ఆటలమ్మ బయటపడటానికి 10 నుంచి 21 రోజులు పడుతుంది, వారిజిగ్ తీసుకుంటే 28 దాకా. ఒక్క పొక్కు కనిపించినా, అర్ధరాత్రయినా సరే, నర్స్ లైన్‌కి ఫోన్ చెయ్యండి. ఎసైక్లోవిర్ మొదటి 24 గంటల్లో మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఎమర్జెన్సీకే వెళ్లాలి. గర్భిణికి దీనివల్ల న్యుమోనియా వస్తే ప్రాణాల మీదికి రావచ్చు. అమ్మో అత్తగారో "అమ్మవారికి మందులు వాడకూడదు" అంటారు. వేపాకులు పక్కన పెట్టుకోండి, దండం పెట్టుకోండి, మాత్ర మాత్రం మానకండి. ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దని చేతులు పట్టుకుని చెబుతున్నాను.

ఇక బిడ్డ సంగతి. మీ నిద్ర పోగొడుతున్నది అదేనని నాకు తెలుసు. పన్నెండు వారాల్లోపు తల్లికి ఆటలమ్మ వచ్చినా బిడ్డకి లోపాలు రావడం వందలో ఒకటి కూడా ఉండదు. పదమూడు నుంచి ఇరవై వారాల మధ్య వస్తే సుమారు వందలో రెండు. అవి కూడా నిజంగా ఆటలమ్మ వచ్చినవాళ్ల లెక్కలు, పక్కన కూర్చున్నవాళ్లవి కావు. వస్తే కొన్ని వారాల తర్వాత వివరంగా స్కాన్ చేసి చూస్తారు. మరీ జాగ్రత్త పడాల్సింది నెలలు నిండాక. కాన్పుకి ఐదు రోజుల ముందు నుంచి రెండు రోజుల తర్వాత దాకా తల్లికి పొక్కులు లేస్తే పసిబిడ్డకి ప్రమాదం. పుట్టగానే బిడ్డకీ ఆ ఇంజెక్షన్ ఇస్తారు.

కాన్పుకని వచ్చిన పెద్దవాళ్లకి సర్పి (షింగిల్స్) లేస్తే అదీ ఇదే వైరస్. పొక్కులు బట్టకింద కప్పి ఉంచితే భయం చాలా తక్కువ. అయినా డాక్టరుకి చెప్పండి.

ఆటలమ్మ టీకా కడుపుతో ఉన్నప్పుడు వెయ్యరు. కాన్పయ్యాక రెండు డోసులు వేయించుకోండి, పాలిస్తున్నా ఫరవాలేదు. పిల్లల కోసం ఇంకా ప్లాన్ చేసుకుంటున్నవాళ్లు ఇప్పుడే రక్త పరీక్ష చేయించుకుని, అవసరమైతే టీకా పూర్తి చేసి, చివరి డోసు తర్వాత నెల రోజులు ఆగండి. ఇంట్లో పెద్దపిల్ల ఉంటే తన డోసులు వాయిదా వెయ్యొద్దు. అమ్మ కడుపుతో ఉన్నా పిల్లకి వేయించవచ్చు. టీకా వేశాక పిల్లకి పొక్కులు లేస్తే మాత్రం అవి తగ్గేదాకా పిల్లని నాన్న ఎత్తుకుంటే సరి.