ఆపరేషన్ అయిన పిల్లి మళ్లీ హీట్‌కి వస్తే అండాశయం ముక్క మిగిలినట్టేనా?

కావలి నుంచి అడిగినవారి పిల్లికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, అయినా రాత్రంతా అరుస్తోంది, నడుము నిమిరితే తోక పక్కకు పెట్టి వెనక భాగం పైకెత్తుతోందట. ముక్క మిగిలే ఉండొచ్చు. అయితే ముందు ఇంట్లో ఎవరైనా ఈస్ట్రోజన్ (ఆడ హార్మోన్) క్రీమ్ రాసుకుంటున్నారేమో చూడండి, పిల్లి అది నాకినా ఇవే లక్షణాలు వస్తాయి.

లక్షణాలున్న రోజుల్లోనే డాక్టర్‌కి చూపించండి, తగ్గాక వెళ్తే సగం ఆధారం పోయినట్టే. యోనిలోంచి దూదిపుల్లతో తీసిన కణాలు మైక్రోస్కోప్ కింద అంచులు కోసుగా, పలచటి రేకుల్లా కనబడితే ఒంట్లో ఈస్ట్రోజన్ ఉన్నట్టు, కానీ అదెక్కడిదో ఈ పరీక్ష చెప్పదు. కుక్కకైతే హీట్ తర్వాత ఒకటి నుంచి మూడు వారాల్లో రక్తంలో ప్రొజెస్టిరాన్ (అండం విడుదలయ్యాక అండాశయంలో తయారయ్యే హార్మోన్) చూస్తారు. పిల్లికి మామూలుగా మగపిల్లితో కలిస్తేనే అండం విడుదలవుతుంది కాబట్టి, హీట్‌లో ఉండగానే హార్మోన్ ఇంజెక్షన్ ఇచ్చి వారం ఆగి అదే పరీక్ష చేస్తారు. అండాశయం తయారుచేసే ఏఎంహెచ్ అనే హార్మోన్‌ను రక్తంలో చూసే పరీక్షకు ఇంత తిప్పలు లేవు, కాకపోతే అన్నిచోట్లా చేయరు.

స్కానింగ్‌లో ఏమీ లేదన్నారని వదిలేయొద్దు, చిన్న ముక్క సులువుగా తప్పించుకుంటుంది. చివరికి మళ్లీ పొట్ట తెరిచి, కిడ్నీల వెనక వెతికి తీయాల్సిందే. దగ్గర్లో కుదరకపోతే తిరుపతి వెటర్నరీ కాలేజీలో అడిగి చూడండి. తీసిన ముక్కను బయాప్సీకి పంపమని మీరే గుర్తుచేయండి.