ఇందిరమ్మ ఇల్లు మంజూరైంది, పంచాయతీలో నిధులు లేవంటున్నారు. పని మొదలుపెట్టవచ్చా?

అమ్మగారి పేరున తెలంగాణ ప్రభుత్వ ఇందిరమ్మ పథకం కింద ఇల్లు మంజూరైందని, సర్పంచ్‌ను అడిగితే పంచాయతీలో పైసా లేదన్నారని, ఇప్పుడు ముగ్గు పోసుకోవచ్చా అని మీరు అడిగారు. నిస్సందేహంగా పోసుకోవచ్చు. పంచాయతీ ఖాతా ఖాళీగా ఉండటానికీ మీ ఇంటి బిల్లుకూ సంబంధం లేదు. మా అమ్మ పేరున వచ్చిన ఇంటిని నిరుడు దగ్గరుండి కట్టించాను కనుక, నాకు ఎదురైనవి చెబుతాను.

రాజ్యాంగం పదకొండో షెడ్యూల్‌లో పంచాయతీలకు చూపిన 29 అంశాల్లో గ్రామీణ గృహ నిర్మాణం పదోది. ఆచరణలో మాత్రం ఇంటికి ఇచ్చే 5 లక్షల రూపాయలు పంచాయతీ గడప తొక్కకుండా నేరుగా లబ్ధిదారు బ్యాంకు ఖాతాలో పడతాయి. పంచాయతీ కార్యదర్శి వచ్చి ఫొటో తీసి యాప్‌లో పెట్టడం, హౌసింగ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీరు) సరిచూడటం వరకే ఊళ్లో జరిగే పని. వెనకటి డబుల్ బెడ్‌రూం పథకంలో 560 చదరపు అడుగుల ఇంటిని ప్రభుత్వమే కాంట్రాక్టరు చేత కట్టించి తాళంచెవి చేతికిచ్చేది. ఇప్పుడు కట్టుకునేది మనం, పని జరిగాక డబ్బు ఇచ్చేది ప్రభుత్వం. కాబట్టి మీరు ఆలోచించవలసింది బేస్‌మెంట్ (పునాది మీది అరుగు) లేచేదాకా చేతిలో ఉండవలసిన సొమ్ము గురించి.

డబ్బు నాలుగు విడతలుగా వస్తుంది, బేస్‌మెంట్ పూర్తయ్యాకే మొదటి లక్ష. ఆ లక్ష చేతికందేలోగా మాకు 1,40,000 రూపాయలు ఖర్చయ్యాయి. అమ్మ మహిళా సంఘంలో తీసుకున్న అప్పు చాలక, మిగిలినది ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి తెచ్చాము. ఇసుకకు ధర కట్టవలసిన పని లేకపోయినా ట్రాక్టరు కిరాయి మేమే పెట్టుకున్నాము. స్లాబు విడత అన్నిటికన్నా పెద్దది, కానీ ఆ డబ్బు పడేదాకా సెంట్రింగ్ వాళ్లు (స్లాబు కింద పలకలు బిగించేవాళ్లు) ఆగరు.

ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ముందు వసారా ఉండి తీరాలని అమ్మ పట్టుబడితే, మేస్త్రి "ఎవరొచ్చి కొలుస్తారమ్మా" అంటూ ముగ్గు గీతను నాలుగు అడుగులు ముందుకు జరిపాడు. సాయంత్రం నేను టేపు పట్టి చూస్తే 24 అడుగుల వెడల్పుకు 27 అడుగుల పొడవు తేలింది, అంటే 648. అప్పటికప్పుడు ఆ గీతను చెరిపించాను. అమ్మ రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు గానీ, కొలత మించి బిల్లు ఆగిన ఇళ్లు మా మండలంలోనే ఉన్నాయి.

మరొక చిక్కు బ్యాంకుది. మొదటి విడత పడినట్టు ఆన్‌లైన్‌లో కనిపించింది, అమ్మ పాస్‌బుక్‌లో మాత్రం లేదు. పది రోజులు తిరిగాక తేలిందేమిటంటే, ఆధార్ ద్వారా జరిగే చెల్లింపు మనం దరఖాస్తులో రాసిన ఖాతాకు కాక, ఆధార్‌ను చివరగా జోడించిన ఖాతాకు వెళుతుందట. మా డబ్బు ఎప్పుడో గ్యాస్ రాయితీ కోసం తెరిచి మరచిపోయిన వేరొక బ్యాంకు ఖాతాలో భద్రంగా ఉంది. అమ్మగారి ఆధార్ ఏ ఖాతాతో ముడిపడి ఉందో పునాది తవ్వకముందే కనుక్కోండి.

అలాగని మీ సర్పంచ్ చెప్పింది అబద్ధమని అనుకోను. 2024 ఫిబ్రవరి 1న తెలంగాణ పంచాయతీ పాలకవర్గాల గడువు ముగిసింది. 2025 డిసెంబరులో ఎన్నికలు జరిగేదాకా ప్రత్యేకాధికారుల పాలన నడిచింది, ఎన్నికైన పాలకవర్గాలు లేవన్న కారణంతో కేంద్రం నుంచి రావలసిన ఆర్థిక సంఘం గ్రాంటు నిలిచిపోయింది. ఆ దెబ్బ తగిలింది ఇళ్లకు కాదు, వీధులకు. మా పక్కింటి దాకా సిమెంటు కాలువ ఉంది, మా గడప ముందు నుంచి మట్టి గుంట.

మీ వీధిలోనూ ఇదే పరిస్థితి అయితే దాన్ని ఇంటి దరఖాస్తుతో కలపకుండా, గ్రామసభలో విడిగా రాసి ఇచ్చి తీర్మానాల పుస్తకంలోకి ఎక్కించండి. 2021-26 కాలానికి ఇచ్చిన పదిహేనో ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కట్టడి చేశారు. మురుగు కాలువను ఆ వాటాలో అడిగే వీలుండేది, సీసీ రోడ్డు అంటే మిగిలిన 40 శాతం కోసం ఊరంతటితో పోటీ పడవలసి వచ్చేది. మేము కాలువ అనే రాసి ఇచ్చాము. మొన్న వచ్చి కొలతలు తీసుకున్నారు, పని ఇంకా మొదలు కాలేదు.