కొత్తవాళ్లు పంపిన పని చూసేటప్పుడు

తమ్ముడికి,

ఎవరైనా మార్పులు పంపగల మన ఎలక్ట్రానిక్ సర్క్యూట్ బోర్డుల ప్రాజెక్టు బాధ్యత ఇకమీద నీదేనని తెలిసి చాలా సంతోషించాను. బోర్డుల గురించి నీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. మొదటిసారి పుల్ రిక్వెస్ట్ (తాము చేసిన మార్పును ప్రాజెక్టులో కలపమని పంపే అభ్యర్థన) పెట్టేవాళ్ల గురించే నా బెంగంతా.

జవాబు ఆలస్యం చెయ్యకు. పరిశీలించే తీరిక లేకపోతే "చూశాను, ఆదివారం బోర్డు మీద పెట్టి చూస్తాను" అని ఒక్క ముక్క రాసెయ్. మొదటిసారి పంపినవాళ్లు రోజుకు పదిసార్లు తెరిచి చూసుకుంటారు. నేనూ అలాగే చూసుకున్నాను.

చాలా ఏళ్ల కిందట ఒక కుర్రాడు సెన్సర్ బోర్డు లేఅవుట్, అంటే బోర్డు మీద భాగాలు, వాటిని కలిపే రాగి ట్రాక్‌లు ఎక్కడుండాలో చూపే డిజైన్ పంపాడు. చిప్‌కి పవర్ నిలకడగా అందేలా చూసే 0.1 మైక్రోఫారడ్ డీకప్లింగ్ కెపాసిటర్‌ని చిప్‌కి దూరంగా, బోర్డు అవతలి అంచున పెట్టాడు. స్కీమాటిక్ (ఏది దేనికి కలుస్తుందో చూపే బొమ్మ) చూస్తే తప్పేం లేదు, ఒక కాలు పవర్‌కి, ఇంకోటి గ్రౌండ్‌కి. ఆ రాత్రే నేను దాన్ని పవర్ పిన్ పక్కకు జరిపి, ట్రాక్‌లు మళ్లీ గీసి, నా పేరుతో ప్రాజెక్టులో చేర్చి (కమిట్ చేసి), అతని రిక్వెస్ట్ మూసేశాను. సాయం చేశాననే అనుకున్నాను. అతను మళ్లీ రాలేదు. చిప్ ఉన్నట్టుండి కరెంటు లాగినప్పుడు పొడుగాటి ట్రాక్‌లోని ఇండక్టెన్స్ (కరెంటు ఒక్కసారిగా మారనివ్వని గుణం) అడ్డుపడుతుందని, అందుకే కెపాసిటర్ పిన్‌ని ఆనుకునే ఉండాలని రెండు వాక్యాలు రాసి ఉంటే పావుగంటలో అతనే సరిచేసేవాడు. ఆ బోర్డు మీద అతని పేరుండేది. ఇప్పటికీ నాకది బాధే.

కాబట్టి ఏదైనా మార్చమంటే ఎందుకో కూడా చెప్పు. ఈఎస్‌పీ32 అనే మైక్రోకంట్రోలర్ చిప్‌లో జీపీఐఓ 12 అనే పిన్‌కి పుల్-అప్ (పిన్‌ని హైలో, అంటే వోల్టేజీ ఉన్న స్థితిలో ఉంచే రెసిస్టర్) తగిలించి పంపేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. బూట్ అయ్యే క్షణంలో ఆ పిన్ హైలో ఉంటే మామూలు మాడ్యూళ్లలో ప్రోగ్రాం ఉండే ఫ్లాష్ మెమరీకి 3.3 వోల్టులకు బదులు 1.8 వోల్టులే అందుతాయి, బోర్డు లేవదు. మనకూ ఇది పుట్టుకతో తెలిసింది కాదు కదా. చిప్ తయారీదారు ఇచ్చే డేటాషీట్‌లో ఆ పేజీ ఏదో చూపించు.

మొహమాటపడి మాత్రం మార్పును ప్రాజెక్టులో కలిపెయ్యకు (మెర్జ్ చెయ్యకు). కోడ్‌లో తప్పుంటే మర్నాడు వెనక్కి తీసుకోవచ్చు, బోర్డు తయారై వచ్చాక మాత్రం తప్పు రాగిలోనే ఉండిపోతుంది. "నువ్వు అసెంబుల్ చేసి చూశావా, ఏ వోల్టేజీ దగ్గర?" అని అడుగు. చూడలేదంటే తప్పుపట్టకు, ఆ పరీక్ష నువ్వు చేసి పెట్టు.

బోర్డులు డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లోని ఒకే ఫైలును ఇద్దరు మారిస్తే, మార్పుల చరిత్ర దాచే గిట్‌లో ఆ రెండిటినీ కలపడం నరకం. ఎవరు ఏ షీట్ మీద పనిచేస్తున్నారో ముందే ఇష్యూలో (ప్రాజెక్టు పేజీలో పనులు, సమస్యలు నమోదు చేసే చోట) రాయించు. వారం కష్టపడ్డాక "ఇది వేరేవాళ్లు చేసేశారు" అనిపించుకోవడం ఎవరికైనా కష్టమే.

సిల్క్‌స్క్రీన్ (బోర్డు మీద అచ్చువేసే రాతలు, గుర్తులు) మీద ప్లస్ గుర్తు, పార్ట్‌ల జాబితాలో ఒక నంబరు, ఇలాంటివి నీకు ఐదు నిమిషాల పని. చేతులు దురదపెట్టినా వాటిని కొత్తవాళ్లకు వదిలెయ్.

సోల్డరింగ్ సూచనల్లో ఎల్‌ఈడీ పొడుగు కాలు ఎటు పెట్టాలో రాయలేదని ఒకమ్మాయి సరిచేసి పంపింది. మనందరికీ అలవాటైపోయి ఎవరికీ కనపడని లోపం అది. ఆమె రిక్వెస్ట్ పదకొండు రోజులుగా జవాబు లేకుండా అలాగే ఉంది. ఈ రాత్రి అన్నిటికంటే ముందు ఆమెకు జవాబు రాయి.

ఆశీస్సులతో,
అన్నయ్య