మీ ప్రశ్నలు – మా జవాబులు: సలీం అహ్మద్ సలీం

ప్రశ్న: గత సంచికలో 1981 నాటి ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి ఎన్నిక గురించి చెబుతూ, టాంజానియాకు చెందిన సలీం అహ్మద్ సలీం ఆ పదవి అంచుదాకా వచ్చి ఆగిపోయారని ఒక్క వాక్యంలో ముగించారు. ఆయన ఎవరు? ఆ పదవి దక్కకపోయినా ఆయనను ఆఫ్రికాలో శాంతిదూతగా ఎందుకు గౌరవిస్తారు?
– డిగ్రీ విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: సలీం 1942 జనవరి 23న జాంజిబార్‌లో పుట్టారు. విద్యార్థి సంఘాలలోనూ, స్వాతంత్ర్య రాజకీయాలలోనూ చిన్న వయసులోనే పాల్గొన్నారు. 1964 జనవరిలో జాంజిబార్‌లో విప్లవం వచ్చింది. ఆ ఏప్రిల్‌లోనే ఆ దీవులు టాంగన్యీకాతో కలిసి నేటి టాంజానియా ఏర్పడింది. అదే సంవత్సరం ఆయనను కైరోకు రాయబారిగా పంపారు. అప్పటికి ఆయన వయసు 22 ఏళ్లు. కొత్తగా స్వతంత్రమైన దేశానికి అనుభవజ్ఞులు తక్కువ, పనులు ఎక్కువ కావడం దీనికి ఒక కారణమే అయినా, అధ్యక్షుడు జూలియస్ నైరేరే ఆ యువకుడి మీద పెట్టుకున్న నమ్మకం అంతకంటే పెద్ద కారణమని నేను భావిస్తాను, ఎందుకంటే ఆ తరువాత ఢిల్లీ, బీజింగ్, న్యూయార్క్ వంటి ముఖ్యమైన చోట్లన్నిటికీ ఆయననే పంపుతూ వచ్చారు.

న్యూయార్క్‌లో 1970 నుంచి పదేళ్లు టాంజానియా శాశ్వత ప్రతినిధిగా ఉన్నారు. వలస పాలన నుంచి దేశాల విముక్తిని పర్యవేక్షించే ఐక్యరాజ్యసమితి సంఘానికి అధ్యక్షత వహించి, పోర్చుగీసు వలసలు, రొడీషియా (నేటి జింబాబ్వే), నమీబియాల తరఫున నిలబడ్డారు. 1971 అక్టోబరు 25న ఐక్యరాజ్యసమితిలో, అప్పటిదాకా అమెరికా మద్దతుతో తైవాన్ ప్రభుత్వం చేతిలో ఉన్న చైనా స్థానాన్ని బీజింగ్ ప్రభుత్వానికి ఇస్తూ 76–35 ఓట్లతో తీర్మానం నెగ్గినప్పుడు, దానికోసం పాటుపడిన టాంజానియా ప్రతినిధులు సభలోనే సంబరపడ్డారు. అమెరికా ఆ సంబరాన్ని మరిచిపోలేదు. 1981లో సలీం ప్రధాన కార్యదర్శి పదవికి పోటీ చేసినప్పుడు అమెరికా ఆయనను వీటో చేసింది. మూడోసారి ఆ పదవి కోరిన అప్పటి ప్రధాన కార్యదర్శి కుర్ట్ వాల్డ్‌హైమ్‌ను చైనా వీటో చేసింది. భద్రతా మండలిలో 16 విడతలు ఇదే జరిగాక ఇద్దరూ పక్కకు తప్పుకోగా, పెరూకు చెందిన హావియర్ పెరెజ్ దె క్వేయార్‌కు పదవి దక్కింది.

చాలామంది ఆయన కథను ఇక్కడితో ఆపేస్తారు. నా దృష్టిలో అసలు కథ ఇక్కడి నుంచే మొదలవుతుంది. స్వదేశానికి తిరిగి వచ్చిన సలీం విదేశాంగ మంత్రిగా, 1984లో ప్రధానమంత్రి ఎడ్వర్డ్ సొకోయినె రోడ్డు ప్రమాదంలో మరణించాక ఆయన స్థానంలో ప్రధానమంత్రిగా, ఆ తరువాత రక్షణ మంత్రిగా పనిచేశారు. 1989లో అడిస్ అబాబా కేంద్రంగా ఉన్న ఆఫ్రికా ఐక్యతా సంస్థకు ప్రధాన కార్యదర్శిగా ఎన్నికై, వరుసగా మూడుసార్లు, 2001 వరకు కొనసాగారు.

ఆ సంస్థ 1963లో ఏర్పడినప్పుడు, ఒక సభ్య దేశపు ఆంతరంగిక వ్యవహారాలలో మరొకరు జోక్యం చేసుకోరాదన్న నియమాన్ని గట్టిగా రాసుకుంది. నిన్నమొన్నటిదాకా పరాయి పాలనలో మగ్గిన దేశాలు తమ సార్వభౌమత్వాన్ని అంత జాగ్రత్తగా కాపాడుకోవాలనుకోవడం సహజమే. కానీ ఆ నియమం చాటున నియంతలు సొంత ప్రజలనే చంపుకుంటూ పోయినా తోటి పాలకులు నోరు మెదపలేదు. ఉగాండాలో ఈదీ అమీన్ మారణకాండ సాగిస్తున్న కాలంలోనే, 1975లో, ఆ సంస్థ శిఖరాగ్ర సమావేశం కంపాలాలో ఆయన అధ్యక్షతనే జరిగింది. నైరేరే ఆ సమావేశాన్ని బహిష్కరించారు. దేశం లోపల జరిగే యుద్ధం కూడా ఖండమంతటి బాధ్యతేనని దేశాధినేతలను ఒప్పించడం సలీం చేసిన అతి పెద్ద పని. ఆయన ప్రతిపాదనల ఆధారంగా 1993లో కైరోలో, ఘర్షణలను ముందే పసిగట్టి, నివారించి, పరిష్కరించే యంత్రాంగం ఏర్పడింది. ఆఫ్రికా ఐక్యతా సంస్థ స్థానంలో ఆఫ్రికా యూనియన్‌ను తీసుకొస్తూ 2000లో టోగో రాజధాని లోమేలో ఆమోదించిన శాసనం మరో అడుగు ముందుకు వేసి, జాతి హననం, యుద్ధ నేరాలు, మానవాళిపై నేరాలు జరిగిన చోట జోక్యం చేసుకునే హక్కు యూనియన్‌కు ఉంటుందని రాసింది.

ఈ రెండు తేదీల మధ్యనే రువాండా ఉంది. 1993 ఆగస్టులో టాంజానియాలోని అరూషాలో ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ ఒప్పందం కుదిరిన తరువాత కూడా, 1994 ఏప్రిల్ నుంచి సుమారు 100 రోజుల్లో దాదాపు 8 లక్షల మంది హతులయ్యారు. సలీం సంస్థ చేతిలో ఉన్నది కొద్దిమంది పరిశీలకులు మాత్రమే. ఐక్యరాజ్యసమితి తన బలగాలను పెంచవలసిన సమయంలో తగ్గించింది. ఒప్పందాన్ని కాపాడే బలం లేకుండా సంతకాలు చేయించడం ఎంత ప్రమాదమో అక్కడ తెలిసింది. ఆ దారుణం జరగకపోయి ఉంటే లోమేలో ఆ నిబంధనకు అంత సులువుగా ఒప్పుదల దొరికేది కాదు.

ప్రశ్న: డార్‌ఫర్ చర్చలకు కూడా ఈయనే మధ్యవర్తి అని విన్నాను. ఆ ఒప్పందం విఫలమైంది కదా, మరి ఆయన విఫలమైనట్లే కాదా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: ఒప్పందం విఫలమైందన్న మాట నిజం, మాస్టారూ. సూడాన్‌లోని డార్‌ఫర్‌లో 2003లో మొదలైన పోరు 20 లక్షలకు పైగా జనాన్ని ఇళ్ల నుంచి వెళ్లగొట్టింది. నైజీరియా రాజధాని అబూజాలో ఆఫ్రికా యూనియన్ తరఫున సలీం నడిపిన చర్చలు 2006 మే 5న ఒప్పందందాకా వచ్చాయి; కానీ తిరుగుబాటు వర్గాలలో మిన్నీ మిన్నావీ వర్గం ఒక్కటే ప్రభుత్వంతో సంతకం చేసింది. అబ్దుల్ వాహిద్ వర్గమూ, న్యాయ సమానత్వ ఉద్యమం అనే మరో తిరుగుబాటు వర్గమూ ఒప్పుకోలేదు. గడువుల మీద గడువులు పెట్టి చివరి రోజుల్లో పెద్ద దేశాలు తెచ్చిన ఒత్తిడి, బయట ఉండిపోయిన వర్గాలలో అనుమానాన్ని ఇంకా పెంచిందని నా అభిప్రాయం.

అయితే మధ్యవర్తికి ఎంత అధికారం ఉంటుందో కూడా చూడాలి. ఒడిశాతో మన వంశధార జలాల తగవులో ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చింది. అంతటి చట్టబద్ధమైన తీర్పు చేతిలో ఉన్నా నేరడి బ్యారేజీ కోసం 2021 నవంబరులో ఇద్దరు ముఖ్యమంత్రులు భువనేశ్వర్‌లో మళ్లీ కూర్చోవలసి వచ్చింది. సలీంకు తీర్పు చెప్పే అధికారం కానీ, అమలు చేయించే సైన్యం కానీ లేవు. ఆయుధాలు పట్టుకున్నవారిని ఒక గదిలో కూర్చోబెట్టగలరు, ముసాయిదా రాసి చూపగలరు, లేచి వెళ్లిపోయినవారిని తిరిగి పిలవగలరు. అబూజా తరువాత కూడా ఆయన తప్పుకోకుండా, ఐక్యరాజ్యసమితి దూత యాన్ ఎలియాసన్‌తో కలిసి 2007లో లిబియాలోని సిర్త్‌లో చర్చలు మళ్లీ మొదలుపెట్టారు. ముఖ్యమైన వర్గాలు అక్కడికీ రాలేదు. ఒప్పందం కుదరని లోటులో మధ్యవర్తి వాటా కొంత ఉంటుంది. దాని పెద్ద వాటా మాత్రం, జనం శిబిరాలలో ఉండగా కూడా యుద్ధం ఆపనివారిదే.

ప్రశ్న: ఆయనకు మన దేశంతో సంబంధం ఏమైనా ఉందా?
– పాఠకుడు, నరసన్నపేట

జవాబు: ఉంది. 1965 నుంచి 1968 వరకు ఢిల్లీలో టాంజానియా హైకమిషనర్‌గా పనిచేశారు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు కూడా. ఇంకో సంబంధం చాలామందికి తెలియదు. రువాండా జాతి హననాన్ని పరిశీలించడానికి సలీం కాలంలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ నియమించిన ప్రముఖుల బృందంలో, బోట్స్వానా మాజీ అధ్యక్షుడు కెటుమీలె మసీరె అధ్యక్షతన, మన సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ పి.ఎన్. భగవతి సభ్యులుగా ఉన్నారు. ఆ బృందం 2000లో ఇచ్చిన నివేదిక, హత్యాకాండను ఆపగలిగి ఉండి కూడా ఆపని దేశాలను పేర్లతో సహా తప్పుపట్టింది.